పలమనేరు నేలలో స్ట్రాబెర్రీ: టిష్యూ మొక్కా, తీగ మొక్కా?

అరటికి టిష్యూ మొక్క (ల్యాబ్‌లో సీసాలో పెంచిన మొక్క) వేసి లాభం చూసిన రైతు, స్ట్రాబెర్రీకీ అదే తెచ్చి నేరుగా నాటేద్దామనుకుంటాడు. పలమనేరు, కుప్పం వైపు చలికాలపు చల్లదనాన్ని నమ్ముకుని ఈ పంట వేయాలనుకునేవాళ్లు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. అరటి లెక్క దీనికి పనికిరాదు.

స్ట్రాబెర్రీ తల్లి మొక్క వేసవిలో తీగలు సాచి, కణుపుల దగ్గర పిల్లలు పెడుతుంది. తీగ మొక్కలంటే ఇవే. ఆ పిల్లల్ని తెంచి నాటుకోవడం చవక, తేలిక. కాకపోతే తల్లికున్న జబ్బులన్నీ పిల్లకూ వస్తాయి. పేనుబంక మోసుకొచ్చే మాటిల్, క్రింకిల్ లాంటి వైరస్‌లకు మందు లేదు. ఒక్క వైరసే ఉంటే ఆకు చూసి పట్టుకోవడం కష్టం. రెండు మూడు కలిసినప్పుడే మొక్క గిడసబారి, కాపు పడిపోతుంది. అప్పటికే ఆ తోట నుంచి ఎన్ని పిల్లలు పక్క పొలాలకు పోయుంటాయో!

టిష్యూ కల్చర్ ఈ గొలుసును తెంపుతుంది. మొక్కను కొన్ని వారాలు 37, 38 డిగ్రీల వేడిలో ఉంచి, అర మిల్లీమీటరు కూడా లేని చిగురు కొన తీసి సీసాలో పెంచుతారు. వైరస్ ఆ కొసదాకా చేరడం అరుదు. అరుదే కానీ అసాధ్యం కాదు, కాబట్టి సీసాలో పెరిగినంత మాత్రాన మొక్క శుద్ధమని నమ్మకండి. వైరస్ పరీక్ష చేశారా అని అడగండి. టిష్యూ మొక్కల ధ్రువీకరణకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006లోనే జాతీయ పద్ధతి పెట్టింది.

మరి నేరుగా నాటితే ఏమవుతుంది? ల్యాబ్‌లో పిలకలు పుట్టించడానికి వాడిన సైటోకైనిన్ అనే హార్మోన్ ప్రభావం కొంతకాలం ఉంటుంది. మొక్క గుబురుగా లేచి, తీగలు విపరీతంగా వేస్తుంది. పూలు ఎక్కువ, పండ్లు చిన్నవి. పండు సైజును బట్టి ధర పలికే పంటకు ఇది నష్టమే. కానీ పండ్ల మడిలో తలనొప్పి అనిపించే ఆ తీగలే నర్సరీకి కావాల్సింది.

నన్నడిగితే, పండ్ల కోసం వేసేవాళ్లకు టిష్యూ తల్లి నుంచి ఒకటి రెండు తరాలు దాటని తీగ మొక్కే మేలు. ఎకరాకు ఇరవై వేలకు పైగా మొక్కలు పడతాయి, అన్నీ టిష్యూవే కొనడం దండగ. మహారాష్ట్రలోని మహాబలేశ్వరం నుంచి తెప్పించినా తల్లి ఎక్కడిదో కనుక్కోండి. నాలుగైదు మొక్కల మొదలు నిలువుగా కోసి చూడండి: లోపల తెల్లగా ఉంటే సరే, ఎర్రటి గోధుమ చారలుంటే తిప్పి పంపండి.

మన ఏప్రిల్, మే ఎండల్లో పాత తోటను కాపాడి పిల్లలు తీయడం ఖర్చుకు తగ్గ పని కాదు. నర్సరీయే పెట్టాలనుకుంటే మాత్రం టిష్యూ తల్లులే కొనండి. పురుగు దూరని వల కింద, పండ్ల తోటకు దూరంగా పెంచండి. తల్లికి పూత కనిపించినప్పుడల్లా గిల్లేయండి, బలం తీగకు పోతుంది.