పాత కారులో ఫ్యూయల్ ప్రెషర్: ఫిక్స్‌డ్ రెగ్యులేటరా, అడ్జస్టబులా?

ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర ప్రెషర్‌ను అదుపులో ఉంచేది రెగ్యులేటర్. పాత ఇంజెక్షన్ కారుతో వచ్చే ఫిక్స్‌డ్ రెగ్యులేటర్‌లో తిప్పడానికి ఏమీ ఉండదు. గేజ్‌లో ప్రెషర్ తేడాగా కనిపిస్తే, పంపూ ఫిల్టరూ బాగున్నాయని తేలాక రెగ్యులేటర్‌ను మార్చేయడమే. దాన్ని ఇంజిన్ ఇన్‌టేక్‌కు కలిపే సన్నని వ్యాక్యూమ్ పైపు పీకితే లోపల పెట్రోల్ తడి ఉందా, డయాఫ్రమ్ (రెగ్యులేటర్ లోపలి పల్చటి పొర) చిరిగినట్టే.

అడ్జస్టబుల్‌లో లాక్‌నట్ వదులు చేసి స్క్రూ బిగిస్తే ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వ్యాక్యూమ్ పైపు తీసి, దాని మూతి మూసి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు సెట్ చేస్తారు. పైపు తిరిగి తగిలించగానే ప్రెషర్ కొంత పడిపోతుంది. అది సహజం, కానీ కొత్తవాళ్లు కంగారుపడి మళ్లీ స్క్రూ తిప్పేస్తారు.

ఇంజిన్‌లో మార్పులేమీ చేయని బండికైతే నా ఓటు ఫిక్స్‌డ్‌కే. స్క్రూ చేతికి అందుతుంటే, నీరసించిన పంపును దాంతోనే కప్పిపుచ్చాలనిపిస్తుంది మరి!