‘బూతు లేని హాస్యం’: ముప్పాతిక నిజం

బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక కాఫీ హోటల్ మేడ మీద, డెబ్బై కుర్చీలు పట్టే హాలులో గత శనివారం జరిగిన తెలుగు స్టాండప్ ప్రదర్శనకు మా అమ్మనూ, పదమూడేళ్ల మా అమ్మాయినీ వెంటబెట్టుకొని వెళ్లాను. ‘బూతు లేని హాస్యం, ఇంటిల్లిపాదీ రావచ్చు’ అని ప్రకటనలో లేకపోతే, తలకు 399 రూపాయలు పెట్టి, మారతహళ్లి నుంచి ఆ ట్రాఫిక్‌లో వెళ్లే సాహసం చేసేవాణ్ని కాదు. బహిరంగ స్థలంలో ఇతరులు ఇబ్బందిపడేలా అశ్లీలపు మాటలు పలకడం భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు పడగల నేరమే అయినా, నిర్వాహకులను ఈ నియమానికి ఒప్పించింది కుటుంబాలు వస్తే కుర్చీలు నిండుతాయన్న లెక్కేనని నా అనుమానం. హాలు నిండింది కూడా.

మొదటి కుర్రాడు రాజమండ్రి నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు. ఆఫీసులో కన్నడ మిత్రులు మాటమాటకూ ‘మగా’ (మన ‘ఒరేయ్’ లాంటి చనువు పిలుపు) అని పిలుస్తుంటే, తాను మగవాణ్నన్న సంగతి వీళ్లకు రోజూ ఎందుకు గుర్తుకొస్తోందో నెల రోజులదాకా అర్థం కాలేదట.

ఆ సాయంత్రానికి ప్రాణం పోసింది మాత్రం రెండో ఆమె. తెనాలిలోని తన నాయనమ్మ తిట్లను ఒక్కొక్కటే విప్పుతూ, ‘నీ దుంప తెగ’ అన్న నోటితోనే ఆవిడ నెయ్యి వేసి అన్నం కలిపి పెట్టేదని చెబుతుంటే మా అమ్మ కళ్లు తుడుచుకొంటూ నవ్వింది. మనం తేలిగ్గా వాడేసే ‘వెధవ’ అన్న మాట ‘విధవ’ నుంచి వచ్చిందని గుర్తుచేసి, ‘తిట్టింది మగవాణ్ని, తగిలింది ఆడదానికి’ అన్నప్పుడు హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమై, ఆ తరువాత నవ్వింది.

మూడో ఆయన బూతు రావలసిన చోటల్లా నోటితో ‘బీప్’ అన్నాడు. ఖాళీని ప్రేక్షకులు మనసులో నింపుకొన్నారు, నవ్వింది ఆ పూరణకే. అవధానాల్లో అప్రస్తుత ప్రసంగి ఎంత చిలిపి ప్రశ్న వేసినా అవధాని చమత్కారంతో జవాబిచ్చి పద్యం నిలబెట్టుకోవడం చూసిన మా అమ్మకు ఈ విద్య ఏమంత గొప్పగా తోచలేదు.

చివరి ఆయన దగ్గర నియమం పూర్తిగా చిల్లుపడింది. తెలుగులో ఒక్క తప్పు మాట రాకుండా జాగ్రత్తపడ్డ మనిషి, ఇంగ్లిషు బూతులను మాత్రం వాక్యానికొకటి చొప్పున వాడాడు. ‘ఏమన్నాడే?’ అని అమ్మ మనవరాలిని అడిగితే, అది జవాబు చెప్పకుండా నా వంక చూసింది. బయటికి వస్తూ నిర్వాహకుడిని అడిగాను. ‘అది ఇంగ్లిషు కదండీ’ అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపడుతూ.

మైకు స్పష్టంగా ఉంది, కాఫీ చల్లారి ఉంది. పిల్లలతో వెళ్లేవారు విరామం దాకా నిశ్చింతగా కూర్చోవచ్చు. ఆ రెండో ఆమె పేరు ప్రకటనలో మళ్లీ కనిపిస్తే మా ముగ్గురికీ టికెట్లు కొంటాను.