స్లీప్ నుంచి ఆలస్యంగా లేచే కంప్యూటర్: లాగ్ చూడటం మేలా, గ్రాఫ్ గీయించడం మేలా?

హన్మకొండలో నేను చూసుకునే కాలేజీ ల్యాబ్‌లో అన్నీ ఉబుంటు అనే లైనక్స్ మీద నడిచే పాత డెస్క్‌టాప్‌లే. వరంగల్ ఎండలకు గది కాగిపోకుండా పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య వాటిని స్లీప్‌లో పెడతాం. పిల్లలు వచ్చి మౌస్ కదపగానే మొదలవుతుంది: "సార్, ఇది లేవనీకి శానా సేపు పడుతుంది." ఏ డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) వల్ల ఆలస్యమవుతోందో పట్టుకోవడానికి మూడు దారులున్నాయి. నా ఓటు లేచే క్రమాన్ని గ్రాఫ్‌గా గీసే స్లీప్‌గ్రాఫ్ టూల్‌కే, కానీ మిగతా రెండిటికీ వాటి చోటు వాటికుంది.

చాలామంది ముందుగా చేసేది ఒక్కో డ్రైవర్‌ను తీసేసి మళ్లీ స్లీప్‌లో పెట్టి చూడటం. వైఫైకో, వెబ్‌క్యామ్‌కో అయితే పర్వాలేదు. డిస్ప్లే నడుపుతున్న గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, సిస్టమ్ ఉన్న డిస్క్ డ్రైవర్‌ను మాత్రం నడుస్తుండగా తీయలేం. అసలు అనుమానం ఎక్కువగా వాటి మీదే ఉంటుంది కాబట్టి ఈ పద్ధతితో ఎంతో దూరం పోలేం.

రెండోది కెర్నల్ లాగ్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకునే చిట్టా. సిస్ డైరెక్టరీలో పవర్ కింద పీఎం-ప్రింట్-టైమ్స్ (pm_print_times) అనే ఫైల్ ఉంటుంది. రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో, అందులో 1 రాస్తే చాలు, ఆ తర్వాత స్లీప్‌కు వెళ్లి లేచినప్పుడు ఏ డివైస్ ఎన్ని మైక్రోసెకన్లు తీసుకుందో ఆ లాగ్ చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్‌లో కనిపిస్తుంది. పది లక్షల మైక్రోసెకన్లు ఒక సెకను. కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు. ఒకే డ్రైవర్ రెండు మూడు సెకన్లు మింగేస్తుంటే ఆ అంకె వెంటనే కంటికి తగులుతుంది. అక్కడితో పని అయిపోతుంది కూడా.

చిక్కల్లా అంత పెద్ద అంకె ఎక్కడా లేనప్పుడే. కెర్నల్ చాలా డివైస్‌లను ఒకదాని తర్వాత ఒకటి కాకుండా పక్కపక్కనే లేపుతుంది. ఒక డ్రైవర్ 800 మిల్లీసెకన్లు, ఇంకొకటి 700 తీసుకున్నాయనుకోండి. లాగ్ చదివేవాళ్లు రెండూ కూడి ఒకటిన్నర సెకను అనుకుంటారు. రెండూ ఒకేసారి మొదలైతే పోయింది 800 మాత్రమే. అప్పుడు 700ను ఎంత తగ్గించినా కంప్యూటర్ ఒక్క క్షణం కూడా ముందు లేవదు. ఇంకో సంగతి: పేరెంట్ డివైస్, అంటే ఇంకో డివైస్ తగిలి ఉన్న పై డివైస్, లేచేదాకా దాని కింద ఉన్నది ఆగాలి. లాగ్ చూపే మైక్రోసెకన్లలో ఈ ఎదురుచూపు ఉండదు, డ్రైవర్ సొంత పని ఒక్కటే ఉంటుంది. యూఎస్‌బీ కంట్రోలర్ ఆలస్యంగా లేస్తే దాని కింది కీబోర్డ్ కూడా ఆలస్యమే, కానీ కీబోర్డ్ లైన్‌లో అంకె చిన్నదిగానే కనబడుతుంది.

స్లీప్‌గ్రాఫ్ గెలిచేది ఇక్కడే. ఇంటెల్ వాళ్లు తయారుచేసిన ఈ పైథాన్ టూల్ లైనక్స్ కెర్నల్ సోర్స్‌లో పీఎం-గ్రాఫ్ అనే ఫోల్డర్‌లో దొరుకుతుంది. తానే మెషిన్‌ను స్లీప్‌లో పెడుతుంది, ఆర్‌టీసీ (మదర్‌బోర్డ్ మీది గడియారం) అలారంతో లేపుతుంది, జరిగినదంతా ఒక హెచ్‌టీఎంఎల్ పేజీలో టైమ్‌లైన్‌గా గీసి ఇస్తుంది. ఏది ఎప్పుడు మొదలైంది, దేని పక్కన ఏది నడిచింది, చివరిదాకా మిగిలింది ఏది అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. సరిచేయాల్సింది ఆ చివరిదాకా మిగిలినదాన్నే. డ్రైవర్ లోపల ఏ ఫంక్షన్ నిద్రపోతోందో చూపే కాల్‌గ్రాఫ్ ఆప్షన్ కూడా ఉంది. దాన్ని మొదటిసారే ఆన్ చేయొద్దు: ప్రతి ఫంక్షన్‌నూ నమోదు చేసే ట్రేసింగ్ భారం వల్ల లేవడమే నెమ్మదిస్తుంది, కొలతలు తప్పుతాయి. ఒకే కొలతను నమ్మకుండా మల్టీ ఆప్షన్‌తో వరుసగా కొన్నిసార్లు నడిపించడం మంచిది.

గ్రాఫ్‌కూ కనిపించనివి ఉన్నాయి. పాత హార్డ్ డిస్క్ పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. 2014లో వచ్చిన 3.15 కెర్నల్ నుంచి ఏటీఏ డిస్క్‌ల (సాటా కేబుల్‌తో తగిలించే మామూలు డిస్క్‌ల) కోసం మిగతా సిస్టమ్ ఆగకుండా మార్చారు. అందుకే డివైస్‌లన్నీ లేచాయని కెర్నల్ చెప్పాక కూడా, డిస్క్ నుంచి మొదటి ఫైల్ చదవాల్సి వచ్చినప్పుడు స్క్రీన్ బిగుసుకుపోయి ఉంటుంది. అప్పుడు డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు, ఎస్‌ఎస్‌డీ వేయాల్సిందే. వైఫై మళ్లీ కలవడానికి పట్టే టైమ్ చాలావరకు కెర్నల్ పని ముగిశాకే, కాబట్టి దానికి మొత్తం సిస్టమ్ లాగ్ అయిన జర్నల్ చూడాలి. డీప్ స్లీప్ నుంచి లేచేటప్పుడు బయోస్ (మదర్‌బోర్డ్‌లోని ఫర్మ్‌వేర్) తీసుకునే టైమ్ లాగ్‌లో రాదు. ఫర్మ్‌వేర్ తన టైమ్ లెక్కలతో ఎఫ్‌పీడీటీ అనే టేబుల్ ఇస్తే స్లీప్‌గ్రాఫ్ దాన్ని చదివి చూపిస్తుంది.

మెషిన్ ఆలస్యం కాకుండా అసలే లేవకపోతే మాత్రం ఈ రెండూ పనికిరావు. దానికి పీఎం-ట్రేస్ (pm_trace) అనే ఇంకో కెర్నల్ సెట్టింగ్ ఉంది. అది ఆర్‌టీసీ గడియారంలోనే గుర్తులు రాస్తుంది కాబట్టి తర్వాత టైమ్ సరిచేసుకోవాలి.

ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు లాగ్‌తో మొదలుపెట్టండి, పెద్ద అంకె కనబడకపోతేనే గ్రాఫ్ దాకా వెళ్లండి. ల్యాబ్ నడిపేవాళ్లయితే ఒక్కో మోడల్‌లో ఒక మెషిన్ మీద ముందే స్లీప్‌గ్రాఫ్ నడిపి ఆ పేజీ దాచుకోండి. రేపు కెర్నల్ అప్‌డేట్ తర్వాత ఆలస్యం మొదలైతే, పాత పేజీని కొత్త పేజీని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ డ్రైవర్ మారిందో తెలిసిపోతుంది. బగ్ రిపోర్ట్‌కు కూడా ఆ రెండు పేజీలు జతచేయొచ్చు.