ట్రెంచ్ ఆర్ట్ సేకరణ: పదకొండేళ్ల అనుభవం తరువాత నా సమీక్ష

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగులతో, తూటాలతో, అల్యూమినియం ముక్కలతో సైనికులు చేసుకున్న వస్తువులను ట్రెంచ్ ఆర్ట్ అంటారు. ఇంగ్లండులో ఉంటున్న నేను పదకొండేళ్లుగా వీటిని సేకరిస్తూ, వాటి అసలు యజమానుల కోసం వెతుకుతున్నాను. నా దగ్గర ఇప్పుడు 34 వస్తువులుండగా, ఎవరివో కచ్చితంగా తేలినవి 5 మాత్రమే. అందుకే ఈ వ్యాపకంలోకి రాదలచినవారికి నేను మొదట చెప్పేది, పనితనం కంటే ముందు వస్తువు మీద సైనికుడి నంబరు ఉందేమో చూడమని.

ఈ సంగతి తెలియక మొదటి ఏడాదే 120 పౌండ్లు పోసి ఒక జత పూలకుండీలు కొన్నాను. అవి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగి తొడుగులు. నడుము నొక్కి, చుట్టూ ఆకులూ పువ్వులూ తేల్చిన అందమైన పని. శత్రువు కాల్పుల మధ్య కందకంలో కూర్చుని చేసినవని అమ్మినవారు చెబితే నమ్మాను. చిన్నతనంలో పెంబర్తిలో ఇత్తడి రేకు పని చూసినవాణ్ణి, అప్పుడే ఆలోచించవలసింది. ఇత్తడిని ఎర్రగా కాల్చి మెత్తబరచాలి, లోపల తారు వంటిది నింపి సొట్ట పడకుండా ఆపాలి, ఆపైన చిన్న ఉలులతో ఓపికగా కొట్టాలి. ముందు వరుస కందకంలో ఇదంతా కుదిరే పని కాదు. ఇలాంటివి చాలావరకు వెనుక ప్రాంతాల్లోని వర్క్‌షాపుల్లోనో, యుద్ధఖైదీల శిబిరాల్లోనో తయారయ్యాయి. యుద్ధం ముగిశాక సమాధులను చూడడానికి వచ్చే బంధువుల కోసం బెల్జియం, ఫ్రాన్స్ ప్రజలు చేసి అమ్మినవీ ఎన్నో ఉన్నాయి. తొడుగు అడుగున ముద్రించిన సంవత్సరం ఆ తొడుగు ఫ్యాక్టరీలో తయారైన ఏడాదిని చెబుతుందే తప్ప, దాని మీద నగిషీ ఎప్పుడు చెక్కారో చెప్పదు.

నా సేకరణలో నాకు అన్నిటికంటే విలువైనది 15 పౌండ్లకు దొరికిన ఒక ఇత్తడి అగ్గిపెట్టె తొడుగు. దాని మీద వంకర అక్షరాలతో ఒక ఇంటిపేరు, ఆరంకెల నంబరు, రెజిమెంటు పేరు, ‘సొమ్ 1916’ అనే మాటలు చెక్కి ఉన్నాయి. ఫ్రాన్సులోని సొమ్ నది దగ్గర 1916 జూలై నుంచి నవంబరు వరకు సాగిన ఆ యుద్ధంలోనే దాన్ని చేశారని మొదట అనుకున్నాను. అయితే బ్రిటిష్ టెరిటోరియల్ (మామూలు రోజుల్లో తమ తమ పనులు చేసుకుంటూ సైనిక శిక్షణ పొందేవారి) పదాతి దళాల వారికి ఆరంకెల నంబర్లు ఇచ్చింది 1917 తొలి నెలల్లో. కాబట్టి ఆ అక్షరాలు చెక్కినది సొమ్ యుద్ధం జరుగుతున్నప్పుడు కాదు. అక్కడి నుంచి ప్రాణాలతో బయటపడ్డాక, దాన్ని గుర్తుపెట్టుకోవాలని చెక్కించుకున్నవి. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ నంబరుతో, లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ (ప్రభుత్వ పాత దస్తావేజుల భాండారం) వారి దగ్గర ఆయన మెడల్ కార్డు, అంటే ఆయనకు రావలసిన పతకాల వివరాల కార్డు, దొరికింది. అందులో పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్నాయి. మెడల్ రోలులో బెటాలియన్, ఆ బెటాలియన్ యుద్ధ దినచర్యలో వారు నడిచిన దారి తెలిశాయి. సర్వీసు ఫైలు మాత్రం లేదు. 1940 సెప్టెంబరులో లండన్ మీద జరిగిన బాంబుదాడిలో మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల ఫైళ్లు సగానికి పైగా కాలిపోయాయి. ఆ లోటును 1918 నాటి గైర్హాజరు ఓటర్ల జాబితా, అంటే సైన్యంలో ఉండి ఊళ్లో లేని ఓటర్ల జాబితా, తీర్చింది. అందులో ఇంటి చిరునామా కింద సైనికుడి పేరు, నంబరు, దళం ఉంటాయి. ఈ జాబితాను చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అంతకంటే మేలు చేసిన కాగితం లేదు. దాని ఆధారంగా చివరకు ఆయన మనవరాలిని కలిశాను. తాతగారు రొట్టెలు కాల్చే పని చేసేవారని, ఆ తొడుగును ఆయనతో పాటు ఉన్న ఒక ప్లంబరు చేసి ఇచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారట. వస్తువు మీద ఉన్న పేరు చేసినవాడిదే అనుకోవడం అప్పటితో మానేశాను. తిరిగి ఇస్తానంటే ఆమె వద్దని, తాతగారి ఫోటో ప్రతిని దాని పక్కన ఉంచమన్నారు. అలాగే ఉంచాను.

ఫ్రెంచి వస్తువులతో వెతుకులాట కొంత సులువు. గుర్తింపు బిళ్ల మీద పేరుతో పాటు సైన్యంలో చేరవలసిన సంవత్సరం, నమోదు కార్యాలయం, నంబరు ఉంటాయి కాబట్టి జిల్లా ఆర్కైవ్సులోని రిజిస్టరు తెరిస్తే మనిషి ఎదురవుతాడు. ఆస్ట్రేలియా వారి ఫైళ్లు పూర్తిగా, ఉచితంగా ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా చాలా మంచిదే, కానీ అది మరణించినవారిది. ఇలాంటి వస్తువులను ఇంటికి తెచ్చుకున్నవారిలో ఎక్కువమంది బతికి వచ్చినవారు.

నా చేతులారా పాడుచేసుకున్నది కూడా ఒకటుంది. అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టే నేనూ చింతపండు, ఉప్పు పెట్టి ఒక పొగాకు డబ్బాను తళతళలాడేలా తోమాను. మూత మీద సూదిమొనతో గీసిన సన్నని అక్షరాలు ఉండేవని, కొనక ముందు తీసిన ఫోటో చూశాక తెలిసింది. అవి ఇక చదవడానికి రావు. మెత్తని పొడి గుడ్డ తప్ప ఇప్పుడు నేనేమీ వాడను. ఫ్యూజుతో సహా ఉన్న పూర్తి గుండును ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోకండి. అలాంటిది కనిపిస్తే పోలీసులకు చెప్పడమే సరైన పని.

ఈ పదకొండేళ్లలో తెలుగు అక్షరాలున్న వస్తువు ఒక్కటీ నా కంటపడలేదు. ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ స్మారకం మీద ఆ యుద్ధంలో మరణించిన 4,700 మందికి పైగా భారతీయ సైనికుల, కూలీల పేర్లున్నాయి. బతికి వచ్చినవారు అంతకు ఎన్నో రెట్లు. మిలిటరీ మాధవరం వంటి ఊళ్లలోనో, మద్రాసు సాపర్ల (సైన్యంలోని ఇంజనీరింగు దళం వారి) కుటుంబాల్లోనో పాత ట్రంకు పెట్టె అడుగున ఏ ఇత్తడి డబ్బానో, తూటాతో చేసిన కాగితాల కత్తో ఉండవచ్చునని నా ఆశ. ఉంటే దయచేసి తోమకండి. పగటి వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి అన్ని వైపులా ఫోటోలు తీసి, పెద్దలు దాని గురించి చెప్పే మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టండి.