ఎడమ క్రాంక్ పవర్ మీటర్: కొన్నేళ్లు వాడాక

సైకిల్ మీద స్పీడు చూసుకుంటూ ప్రాక్టీస్ చేస్తే కాళ్లు పడ్డ కష్టం ఎంతో తెలియదు. ఎదురుగాలి, ఎత్తుపల్లాలు, ముందు పోతున్న లారీ చాటు, అన్నీ ఆ స్పీడులో కలిసిపోతాయి. కాళ్లు పెట్టే పవర్‌ని వాట్లలో చూపించే పవర్ మీటర్ నేను కొన్నది ఆ కల్తీ లేని లెక్క కోసమే.

నాది ఎడమ క్రాంక్‌కి, అంటే పెడల్ బిగించే లోహపు చేతికి, మాత్రమే ఉండే రకం. పెడల్ మీద బలం పడ్డప్పుడు క్రాంక్ లోహం కంటికి ఆననంతగా వంగుతుంది. దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్ ఆ వంపుని పట్టుకుంటుంది. ఆ బలాన్నీ, క్రాంక్ తిరిగే వేగాన్నీ కలిపి లెక్కేస్తే వాట్లు వస్తాయి. ఎడమ కాలి లెక్కనే రెట్టింపు చేసి చూపిస్తుంది కాబట్టి, ఆ కాలు 48 శాతమే పనిచేస్తుంటే అసలు 200 వాట్లకి 192 కనిపిస్తుంది. నాకైతే ఇబ్బంది కాలేదు. రోజూ ఒకేలా తప్పు చూపిస్తే నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికి అదే చాలు.

దాదాపు గంటసేపు నిలబెట్టగల పవర్‌ని ఎఫ్‌టీపీ అంటారు. 20 నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కి, వచ్చిన సగటులో 95 శాతం తీసుకోవడం మామూలు పద్ధతి. హైదరాబాద్‌లో దీనికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ బాగుంటుంది. 23 కిలోమీటర్లు, మధ్యలో సిగ్నళ్ల గొడవ లేదు. టెస్ట్ టెన్షన్ మాత్రం ముందురోజు రాత్రే మొదలవుతుంది.

అసలు లాభం మాత్రం మెల్లగా తొక్కడం అలవాటు కావడం. ఈజీ రైడ్ అంటే ఎఫ్‌టీపీలో 56 నుంచి 75 శాతం. ఎఫ్‌టీపీ 200 ఉన్నవాళ్లకి 112 నుంచి 150 వాట్లు. గండిపేట వైపు చిన్న ఎత్తు తగిలినా నంబరు 220 దాటేస్తుంది. వెంటనే గేరు తగ్గించి, వెనకున్నవాళ్లు బెల్లు కొట్టుకుంటూ దాటిపోతుంటే ఊరుకోవాలి. పౌరుషానికి పరీక్షే! కానీ మర్నాడు ఇంటర్వెల్స్, అంటే కాసేపు గట్టిగా కాసేపు మెల్లగా తొక్కడం, చేసే ఓపిక మిగిలేది అందుకే.

గాలి సంగతి కూడా దీనితోనే ఒంటబట్టింది. గాలిని తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. గాలి లేని రోజు గంటకి 25 కిలోమీటర్ల నుంచి 30కి వెళ్తే ఆ ఖర్చు 1.7 రెట్లు. మోచేతులు వంచి తల కాస్త దించితే, అవే వాట్లకి స్పీడు పెరగడం తెర మీదే కనిపిస్తుంది.

ఏప్రిల్ ఎండలో అవే వాట్లకి హార్ట్ రేట్ జనవరి కంటే బాగా ఎక్కువ. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటలో నీరు పోతుంది. వాట్లు పడిపోలేదు కాబట్టి ఫిట్‌నెస్ పోయిందన్న బెంగ ఉండదు.

చిరాకులూ ఉన్నాయి. బటన్ బ్యాటరీ మూత కింద వెంట్రుకంత రబ్బరు రింగు ఉంటుంది. అది కాస్త పక్కకి జరిగితే చాలు, వానలో నీళ్లు దూరి రీడింగ్ ఆగిపోతుంది. ఇప్పుడు బ్యాటరీ మార్చిన ప్రతిసారీ దానికి సిలికాన్ గ్రీజు రాస్తున్నాను. ఎండకీ చలికీ లోహం మారుతుంది కాబట్టి రైడ్‌కి ముందు జీరో ఆఫ్‌సెట్, అంటే పెడల్ మీద బలం లేనప్పటి రీడింగ్‌ని సున్నాగా సరిచేయడం, చేయాల్సిందే. యాప్‌లో వచ్చే రంగురంగుల గ్రాఫుల్లో సగం నాకు పనికిరాలేదు.

రెండు వైపులా కొలిచేది కొనాలా అంటే, ఒక కాలికి దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లకి తప్ప అవసరం లేదనే చెప్తాను. మిగిలే డబ్బుతో మంచి టైర్లు వేయించి, బైక్ ఫిట్, అంటే సైకిల్ సీటూ హ్యాండిలూ మీ ఒంటికి తగ్గట్టు సర్దించడం, చేయించుకోండి.