వేసవి కామెడీ అని పోతే బాత్రూం కామెడీ చూపించినారు

పిల్లకాయలకి సెలవులు, బయట ఎండ మాడ్చేస్తా ఉండాది, ఏసీలో రెండున్నర గంటలు కూర్చోని నవ్వుకోని వద్దామని మొన్న ఇంటిల్లిపాదీ తిరుపతిలోనే ఒక థియేటర్లో కొత్త కామెడీ సినిమాకి పోయినాం. సినిమా పేరు రాయను, ఈ సీజన్లో వచ్చేవి సగం ఇట్లానే ఉండాయి, ఏదనుకున్నా సరిపోతుంది.

మొదటి అరగంట బానే పోయింది. పెళ్లికి ముందురోజు వంటమేస్త్రి అడ్వాన్స్ తీసుకోని ఉడాయిస్తే నలుగురు ఫ్రెండ్స్ వంటకి దిగుతారు, ఆ గందరగోళంలో బామ్మగా వేసినామె మాట మాటకీ పేల్చింది. ఆ తర్వాత సాంబార్లో విరేచనాల మందు పడతాది, ఇంక కథ బాత్రూం దాటి బయటికి రాలే. పెళ్లికొడుకు మేనమామ చెంబు పట్టుకోని పరిగెత్తితే నేనూ నవ్వినా, అబద్ధమెందుకు. కానీ అదే మనిషిని పది నిమిషాలు పరిగెత్తిస్తా, అడుగు అడుక్కీ ఒక సౌండ్ వేస్తా ఉంటే ఎంతసేపని నవ్వేది? జోకు అయిపోయినాక కూడా సౌండ్ ఆగలే. మా అమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుస్తానే కూర్చునింది, ఆ అద్దాలకి అంత మురికి ఎప్పుడూ పట్టింది లేదు. కూరగాయల బేరంలో డబుల్ మీనింగ్ డైలాగులు వచ్చినప్పుడు మా అక్క కూతురు "ఎందుకు మామా అందరూ నగతా ఉండారు" అనింది, పాప్‌కార్న్ డబ్బా దాని చేతిలో పెట్టేసినా.

వీటికన్నా ఒళ్లు మండింది ఏందంటే లావుగా ఉండే అమ్మాయి కూర్చోగానే కుర్చీ విరగడం, నత్తి ఉండే వాడిని అందరూ అనుకరించడం. ఇంకా ఇదేనా అబ్బా?

పాత సినిమాలేమీ శుద్ధపూసలు కావు, 90ల్లో డబుల్ మీనింగ్ తక్కువా ఏంది. కానీ 1987లో జంధ్యాల గారి 'అహ నా పెళ్లంట'లో కోట గారు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తా వట్టన్నం తింటాడు చూడండి, ఆ మనిషి పిసినారితనం మొత్తం ఆ కోడిలోనే ఉంటాది, అందుకే ఇప్పుడు చూసినా నవ్వొస్తాది. ఇక్కడ మేనమామ ఎట్లాంటోడో మనకి తెలీదు, కడుపు చెడిందని మాత్రం బాగా తెలుస్తాది.

ఇంకోటి, దీనికి సెన్సార్ వాళ్లిచ్చిన సర్టిఫికెట్ యూఏ 16 ప్లస్, అంటే పదహారేళ్ల లోపు పిల్లకాయలకి చూపించాలా వద్దా అనేది పెద్దోళ్లే చూసుకోవాల. 2024 ఆఖర్లో యూఏని 7, 13, 16 అని మూడు రకాలు చేసినారు, మంచిదే, కానీ అది అమ్మానాన్నలకి చెప్పే సలహా మాత్రమే, గేటు దగ్గర పిల్లల్ని ఆపేది పెద్దోళ్లకి మాత్రమే అనే 'ఏ' సర్టిఫికెట్‌కే. ఆ 16ని పోస్టర్ మీద కనపడేంత సైజులో వేస్తే వీళ్ల సొమ్మేం పోతాది? ట్రైలర్లో మాత్రం పెళ్లి పాట, బామ్మ జోకులు, పండగలాగా కట్ చేసినారు.

థియేటర్ గురించి చెప్పేదానికి ఏం లే, ఏసీ బాగుంది, సమోసా చల్లారిపోయింది. ఫ్రెండ్సంతా కలిసి సెకండ్ షోకి పోతే కొంచెం టైంపాస్ అవతాది, పెద్దోళ్లని పిల్లకాయల్ని తీసుకోని మాత్రం పోవద్దండి. బామ్మ సీన్లు ఎట్టాగూ యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా వస్తాయి, అవి చూసుకోండి చాలు.