గరగల మేళం: ఎక్కించడం సరే, దించడం వచ్చా?

జాతరకి గరగల మేళం, అంటే అలంకరించిన బిందెలు నెత్తిన పెట్టుకుని డప్పులకి ఆడేవాళ్ల జట్టు, మాట్లాడేటప్పుడు ఎవరైనా అడిగేది ‘ఎన్ని గరగలు, ఎన్ని డప్పులు’ అనే. ‘పూనకం వచ్చినవాళ్లని దించేవాళ్లు మీలో ఎవరున్నారు’ అని అడిగేవాళ్లు తక్కువ. ఈ వైశాఖంలో కోనసీమ లంక ఊళ్లో రెండు రాత్రులు ఆడిన మేళానికి ఆ పనిలో పూర్తి మార్కులు వేయొచ్చు. తక్కినవాటిలో కోత తప్పదు.

ఒప్పందం: ఆరు గరగలు, పది డప్పులు, ఒక సన్నాయి, రెండు రాత్రులకి 60,000 రూపాయలు. ఇంటింటా హారతి పళ్లెంలో పడేది వాళ్లదే. ఆషాఢంలో ఈ రేటుకి దొరకరు. పెద్దాపురం మరిడమ్మ జాతర ఆ నెలలోనే గదా, మంచి చేతులన్నీ అటే పోతాయి.

గరగలు ముచ్చటగా ఉన్నాయి. ఇత్తడి బిందె, పైన నాగపడగ, చుట్టూ కుచ్చిళ్లు పోసిన రంగు చీరలు, వేపమండలు. అలంకారం పూర్తయ్యేసరికి ఒక్కోటి ఏడెనిమిది కిలోలు తూగుతుంది. అంత బరువునీ నిలబెట్టేది నెత్తిన పెట్టే చుట్టకుదురే. తడిపి పిండిన నూలుగుడ్డని గట్టిగా మెలిపెట్టి చుడితే కదలదు. ఈ మేళంలో ఇద్దరు కుర్రాళ్లు నైలాను చీరముక్క చుట్టుకొచ్చారు. చెమటకి అది జారి గరగ రెండుసార్లు ఒరిగింది. కింద పడలేదు గానీ చేత్తో పట్టుకోవాల్సొచ్చింది, పెద్దవాళ్ల మొహాలు మాడిపోయాయి. ముందు నడిచిన పెద్దాయన మాత్రం అడుగంతా మోకాళ్లలోనే వేశాడు. మెడ పైన ఏదీ కదల్లేదు.

ఇంకో లోపం. గరగలకి స్నానం కాలువ రేవులో అనుకున్నారు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, రేవులో బురదే. చెరువో, గోదావరి పాయో ముందే చూసుకోమని ఏటా తిరిగే మేళం చెప్పొద్దూ?

డప్పుల్లో ఎనిమిది మేకతోలువి, రెండు ఫైబరువి. సముద్రపు గాలికి తోలు మెత్తబడుతుంది, అరగంటకోసారి గడ్డిమంట చూపించాలి. మిషను కోసిన గడ్డి నలిగి ఉంటుంది, భగ్గున లేచి ఆరిపోతుంది. చేత్తో కోసిన గడ్డి నాలుగు మోపులు విడిగా దాచిపెట్టండి. ఫైబరు డప్పుకి ఈ గొడవ లేదు. అయితే దాని మోత చెవి దగ్గరే ఆగిపోతుంది. తోలుడప్పు మీద చిర్ర (కుడిచేతి కర్ర) పడితే కడుపులో తెలుస్తుంది. ఒళ్లు ఊగడం మొదలయ్యేది అక్కడే.

పూనకం మాట కొద్దాం. పొద్దుటినుంచి ఉపవాసం, ఉక్క, గుగ్గిలం పొగ, పెరిగే దరువు. దరువుతోపాటు ఊపిరీ వేగం అందుకుంటుంది. అలా గబగబా ఊపిరి తీస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చేతులు కొంకర్లు పోతాయి. అమ్మ వచ్చిందా రాలేదా అన్నది భక్తుల మాట, అందులో వేలు పెట్టం. వచ్చినా ఆ ఒళ్లు మనిషి ఒళ్లే, దానికి నీళ్లు కావాలి, చక్కెర కావాలి.

ఈ మేళం దించే తీరు చూసి తీరాలి. డప్పు టక్కున ఆపరు, ఆపితే మనిషి నిలువునా కూలుతుంది. మొదట ఎడమచేతి చిటికెనపుల్ల మానేశారు. చిర్ర ఒక్కటే, దెబ్బకీ దెబ్బకీ ఎడం పెంచుకుంటూ నాలుగైదు నిమిషాలు. ఈలోగా మేళంలోని ఒకావిడ వెనకనుంచి చంకల కింద చేతులేసి పట్టుకుంది. జుట్టు పట్టుకునే మోటు అలవాటు ఇక్కడ కనపడలేదు. ‘అమ్మా, నీ చలివిడి పెట్టాం, పానకం పోశాం, చల్లబడు తల్లీ’ అంటూ వేపమండతో పసుపునీళ్లు మొహాన చిలకరించింది. అదే మాట, అదే గొంతు, మళ్లీ మళ్లీ. ఊపిరి ఆ మాటల నడకలోకి దిగొచ్చింది.

తర్వాత పానకం. ఇంట్లో చేసే చిక్కటిది దప్పిక తీర్చదు. సగానికి సగం నీళ్లు కలిపి, చిటికెడు ఉప్పు వేసి, కళ్లు నిలిపి చూసి గుటక వేయగలిగాకే పట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో చుక్క పోయకూడదు. షుగరు మందో, ఇన్సులినో వేసుకుని ఉపవాసం ఉన్నవాళ్లకి ఒళ్లు చల్లబడి, చెమటలు పట్టి, మాట తడబడితే అది పూనకం అనుకుని కూర్చోకండి, చక్కెర పడిపోయి ఉండొచ్చు. మూర్ఛ (ఫిట్సు) అయిదు నిమిషాలు దాటినా, పడినవాళ్లు తేరుకోకపోయినా 108కి ఫోన్ చేయడమే. దరువు తగ్గితే తగ్గేది పూనకం. మూర్ఛకి దరువుతో పని లేదు.

మార్కులు కోసింది కర్పూరం దగ్గర. నాలిక మీద వెలిగించిన బిళ్ల పెట్టడం ఈ మేళంలో ఒకడి ప్రత్యేకత. నాలిక కాలడం ఒక ఎత్తు, పొరపాటున మింగితే కర్పూరం విషం, దానివల్లే ఫిట్సు వస్తాయి. చుట్టూ చిన్నపిల్లలు ఈ విద్యని కళ్లార్పకుండా చూస్తున్నారు. వద్దని ఒప్పందంలోనే రాయించుకోండి.

అయిదుకి మూడున్నర. మాట్లాడుకునేటప్పుడు ఆ పెద్దాయనా, ఆ పసుపునీళ్ల ఆవిడా ఇద్దరూ వస్తున్నారో లేదో గట్టిగా అడగండి. ఫైబరు డప్పులు రెండూ మానిపించి, ఆ మేరకు రేటు తగ్గించమనండి.